గుడి పుస్తకంలో షేక్‌స్పియర్



మీ జ్ఞానస్నానం ఏ గుడిలో, ఏ తేదీన జరిగిందో, ఏ పుస్తకంలో ఎన్నో పేజీలో రాసి ఉందో మీకు తెలుసా? చాలామందికి పెళ్ళి కుదిరేదాకా ఈ ప్రశ్న ఎదురుకాదు. అప్పుడు పరుగుపరుగున విచారణ గురువు దగ్గరకు వస్తారు. ఆయన బీరువా తీసి, దుమ్ము దులిపి, పాత రిజిస్టరు తిరగేస్తాడు. పేరు దొరికితే అందరికీ ఊపిరి తిరుగుతుంది. ఆ పుస్తకాన్ని మనం ఒక సర్టిఫికెట్ పుట్టే చోటుగా మాత్రమే చూస్తాం. నిజానికి అది అంతకంటే చాలా పెద్దది. ఎంత పెద్దదో చెప్పడానికి ఈ వారం మీకు బాగా తెలిసిన ఒక మనిషి జీవితాన్ని ఆ పుస్తకంలోంచే చూపిస్తాను.

ఆయన విలియం షేక్‌స్పియర్. బడిలో వెనిస్ వర్తకుడి కథ చదువుకోని వారు మనలో తక్కువ. ఇంత పేరున్న మనిషి తన చేత్తో రాసిన ఉత్తరం ఒక్కటి కూడా మిగల్లేదు. దినచర్య లేదు. తన తల్లిని గురించి గానీ, భార్యను గురించి గానీ, బిడ్డలను గురించి గానీ ఆయన రాసిపెట్టుకున్న కాగితం లేదు. ఆయన ఇంట్లో ఎవరు ఎప్పుడు పుట్టారు, ఎవరు ఎప్పుడు పోయారు అన్నది మనకు తెలిసిందంటే చాలావరకు ఒక ఊరి గుడి పుస్తకం పుణ్యమే. ఆ ఊరు ఇంగ్లండులో ఏవన్ నది ఒడ్డున ఉన్న స్ట్రాట్‌ఫోర్డ్. ఆ గుడి పరిశుద్ధ త్రిత్వ దేవాలయం.

ముందు ఆ పుస్తకం ఎలా వచ్చిందో తెలుసుకోవాలి. అది వినడానికి మనకు కొంచెం కష్టంగానే ఉంటుంది. ఎనిమిదవ హెన్రీ రాజు పోపుగారి అధికారాన్ని కాదన్న రోజులవి. 1535లో పునీత జాన్ ఫిషర్, పునీత థామస్ మోర్ తమ విశ్వాసం కోసం శిరచ్ఛేదం పాలయ్యారు. ఆ కాలంలో రాజుకు కుడిభుజంగా ఉండి, మఠాలన్నిటినీ మూయించినవాడు థామస్ క్రామ్‌వెల్. ప్రతి విచారణలోనూ జ్ఞానస్నానాలు, పెళ్ళిళ్ళు, భూస్థాపనలు ఒక పుస్తకంలో రాయాలని 1538లో ఆజ్ఞ ఇచ్చినవాడు కూడా ఈ క్రామ్‌వెల్లే. గురువు ప్రతి ఆదివారం, గుడి పెద్దల ఎదుట, ఆ వారం జరిగినవన్నీ రాయాలి. పుస్తకాన్ని రెండు తాళాల పెట్టెలో ఉంచాలి. ఒక తాళంచెవి గురువు దగ్గర, రెండవది పెద్దల దగ్గర. రాయకపోతే మూడు షిల్లింగుల నాలుగు పెన్నీల జరిమానా. రాజు కొత్త పన్ను వేయడానికే తమ పేర్లు రాయిస్తున్నాడని జనం భయపడ్డారు. రెండేళ్ళు తిరక్కుండానే, 1540లో, క్రామ్‌వెల్ తల కూడా అదే రాజు తీయించాడు. అయినా పుస్తకం నిలిచింది. 1563లో మన ట్రెంట్ మహాసభ కూడా వివాహాల పుస్తకం ఉంచాలని కతోలిక గురువులను ఆదేశించింది. చెడ్డ కాలంలో, కఠినుడి చేతి మీదుగా కూడా ఒక్కోసారి మంచి పని జరుగుతుంది. ఒప్పుకోవడంలో మనకు చిన్నతనం లేదు.

మొదటి పుస్తకాలు కాగితంవి. చెమ్మకు, ఎలుకలకు చాలా నాశనమయ్యాయి. అందుకని 1597-98లో పాత నమోదులన్నిటినీ తోలు పత్రాల మీదకు ఎత్తి రాయాలని, ప్రతి ఏటా ఒక నకలు పీఠాధిపతి కార్యాలయానికి పంపాలని నిర్ణయించారు. ముఖ్యంగా ఎలిజబెత్ రాణి గద్దెనెక్కిన 1558 నుండి రాస్తే చాలునన్నట్టు ఆ ఉత్తర్వులో ఒక మాట ఉంది. ఆ మాట పట్టుకుని చాలాచోట్ల అంతకుముందు ఇరవై ఏళ్ళవి ఎత్తి రాయలేదు. అవి పోయాయి. స్ట్రాట్‌ఫోర్డ్ పుస్తకం కూడా 1558 నుండే మొదలవుతుంది.

ఆ పుస్తకంలో 1564 ఏప్రిల్ 26న ఒక చిన్న లాటిన్ పంక్తి ఉంది. జాన్ షేక్‌స్పియర్ కొడుకు విలియంకు జ్ఞానస్నానం ఇచ్చినట్టు దాని అర్థం. లాటిన్ చదువుకున్న మన గురువులు చూస్తే నవ్వుకుంటారు: తండ్రి పేరుకు పడవలసిన షష్ఠీ విభక్తి పడలేదు. ఎత్తి రాసినవాడి చెయ్యి జారింది. పక్కన ప్రత్యేకమైన గుర్తేమీ అప్పుడు పెట్టలేదు. ఆ రోజుల్లో జ్ఞానస్నానం పొందిన మిగిలిన బిడ్డలకు ఎంత చోటో ఈ బిడ్డకూ అంతే చోటు.

ఇక్కడ ఆగి రెండు సంగతులు గమనించండి. ఏప్రిల్ 23 ఆయన పుట్టినరోజని లోకమంతా పండుగ చేసుకుంటుంది. పుస్తకంలో ఆ తేదీ లేదు. బిడ్డ పుట్టిన కొద్ది రోజులకే జ్ఞానస్నానం ఇప్పించేవారు గనుక మూడు రోజులు వెనక్కి లెక్కవేశారు. అది ఊహ, మంచి ఊహే, కానీ నమోదు కాదు. రెండవది, ఆ పంక్తిలో తల్లి పేరు లేదు. మేరీ ఆర్డెన్ అనే ఆ తల్లి తొమ్మిది నెలలు మోసి కన్నది. పుస్తకంలో మాత్రం తండ్రి ఒక్కడే కనిపిస్తాడు. ఇంగ్లండు గుడి పుస్తకాల్లో తమ వంశాన్ని వెతుక్కునేవారు మొదట తగిలించుకునే గోడ ఇదే.

ఆ ఇంటి మిగిలిన బిడ్డల సంగతి చూడండి. 1558లో జోన్ అనే ఆడపిల్లకు జ్ఞానస్నానం జరిగింది. 1562 డిసెంబరులో మార్గరెట్‌కు. మార్గరెట్‌ను 1563 ఏప్రిల్ 30న పాతిపెట్టారు. జోన్ భూస్థాపన నమోదు దొరకదు. కానీ 1569లో అదే తల్లిదండ్రులు మరో పిల్లకు మళ్ళీ జోన్ అని పేరు పెట్టారు. బతికున్న పిల్ల పేరు ఇంకో పిల్లకు పెట్టరు కదా! అంటే మొదటి జోన్ ఈ లోపలే పోయిందని అర్థం. ఒక బిడ్డ మరణం గురించి మనకు తెలియజేసింది మరో బిడ్డ జ్ఞానస్నానపు పంక్తి.

కనీసం ఒక ఆడపిల్లను పోగొట్టుకున్న ఇంట్లో విలియం పుట్టాడు. పుట్టి మూడు నెలలు నిండకముందే, 1564 జూలైలో, భూస్థాపనల పేజీలో ఒక పేరు పక్కన అంటువ్యాధి ఇక్కడ మొదలైందని లాటిన్‌లో చిన్న గుర్తు కనిపిస్తుంది. ఆ ఏడాది ముగిసేసరికి ఆ చిన్న ఊళ్ళో రెండు వందల మందికి పైగా పోయారు. చేతిలో నెలల పిల్లవాడితో ఆ తల్లి ఆ వేసవి ఎలా గడిపిందో పుస్తకం చెప్పదు. ఆ పిల్లవాడి పేరు ఆ పేజీలో లేదన్నంత వరకే చెబుతుంది. మనకు ఆ లేకపోవడమే పెద్ద వార్త.

తండ్రి జాన్ తోలు చేతితొడుగులు చేసే పనివాడు. 1568లో ఊరికి పెద్ద అయ్యాడు. ఆయన మతం గురించి మన కతోలికులు ఆశగా అడుగుతుంటారు. రికార్డులు ఏమంటున్నాయో ఉన్నదున్నట్టు చెబుతాను. 1564 జనవరిలో ఊరి చావడి గుడిలోని పవిత్ర చిత్రాలను చెరిపించిన ఖర్చు లెక్కల్లో రాసింది ఈ జానే. ఊరి ఖజానా అప్పుడు ఆయన చేతిలో ఉండేది. 1592లో రాణిగారి గుడికి రాని వారి జాబితాలో ఉన్నదీ ఈ జానే. అయితే అప్పులవాళ్ళకు జడిసి రావడంలేదని అక్కడ కారణం రాశారు. అది నిజమో, సాకో మనకు తెలిసే దారి లేదు. 1606లో విలియం పెద్ద కూతురు సుసన్నా ఈస్టరుకు ప్రభుభోజనం తీసుకోలేదని గుడి న్యాయస్థానంలో పిలిపించారు. ఇవన్నీ వింటే ఆయన మనవాడేనని ఎగిరి గంతు వేయాలనిపిస్తుంది. కానీ విలియంకు జ్ఞానస్నానం ఇచ్చింది, పాతిపెట్టింది ఆంగ్లికన్ విచారణలోనే. గుండె లోపల ఏముందో ఏ పుస్తకంలోనూ రాయరు. మనకు ఇష్టమైనదాన్ని రికార్డు చేత పలికించడం అబద్ధసాక్ష్యమే అవుతుంది. సెమినరీలో తర్కశాస్త్రం చెప్పిన మా గురువు మాకు నేర్పిన మొదటి పాఠం, లేదు అన్నది వేరు, దొరకలేదు అన్నది వేరు అని.

ఆ పాఠం షేక్‌స్పియర్ పెళ్ళి విషయంలో బాగా పనికొస్తుంది. స్ట్రాట్‌ఫోర్డ్ పుస్తకంలో ఆయన పెళ్ళి నమోదు లేదు! వూస్టర్ పీఠాధిపతి కార్యాలయంలో మాత్రం రెండు కాగితాలు ఉన్నాయి. 1582 నవంబరు 27న, విలియంకు, టెంపుల్ గ్రాఫ్టన్ ఊరి ఆన్ వేట్లీకి అనుమతి ఇచ్చినట్టు పుస్తకంలో రాశారు. మర్నాడు 28న ఇద్దరు రైతులు నలభై పౌండ్లకు పూచీ రాసిచ్చారు. అందులో పెళ్ళికూతురు స్ట్రాట్‌ఫోర్డ్ ఆన్ హాథవే. ఒక కాగితంలో వరుడి ఇంటిపేరు షాక్స్‌పియర్, మరోదాంట్లో షాగ్‌స్పియర్. ఈ వేట్లీ ఎవరు? కొందరు దీనిమీద ప్రేమకథలు అల్లారు. కానీ అదే రోజు ఆ గుమాస్తా చేతిలో వేట్లీ అనే మరొకరి దావా కూడా ఉంది. మనసులో ఉన్న పేరు కలంలోకి దిగిందని చాలామంది పండితుల అభిప్రాయం. ఒక్క మాట తప్పు రాస్తే నాలుగు వందల ఏళ్ళు లేని మనిషి బతికిపోయింది!

మూడుసార్లు చెప్పవలసిన వివాహ ప్రకటనలను ఒక్కసారితో సరిపెట్టి, తొందరగా పెళ్ళి జరిపించారు. విలియంకు పద్ధెనిమిదేళ్ళు, ఆన్‌కు ఇరవై ఆరు. ఎందుకు తొందరో తరువాతి పంక్తి చెబుతుంది: 1583 మే 26న సుసన్నాకు జ్ఞానస్నానం. నెలలు లెక్కపెట్టుకోండి. గుడి పుస్తకం ఎవరినీ నిందించదు, ఎవరినీ కప్పిపుచ్చదు.

1585 ఫిబ్రవరి 2న, మనం ప్రభువును దేవాలయంలో కానుకగా అర్పించిన పండుగ చేసుకునే రోజున, కవల పిల్లలు హామ్నెట్, జూడిత్‌లకు జ్ఞానస్నానం జరిగింది. ఇరుగుపొరుగు దంపతులు హామ్నెట్, జూడిత్ శాడ్లర్ల పేర్లే పిల్లలకు పెట్టారు. ఒక చిన్న హెచ్చరిక. ఆ రోజుల్లో ఇంగ్లండులో సంవత్సరం మార్చి 25న, మంగళవార్త పండుగనాడు మొదలయ్యేది. అందుచేత ఆ ఫిబ్రవరి వారికి ఇంకా 1584. జనవరి ఒకటికి సంవత్సరాది మారింది 1752లోనే. ఇది తెలియకపోతే కొందరు పుట్టకముందే చచ్చిపోయినట్టు కనిపిస్తారు.

తరువాత ఆయన లండన్ వెళ్ళి నాటకాలు రాశాడు, ఆడాడు, డబ్బు సంపాదించాడు. గుడి పుస్తకానికి అవేవీ పట్టవు. 1596 ఆగస్టు 11న దానిలో ఒక పంక్తి పడింది. విలియం కొడుకు హామ్నెట్ భూస్థాపన. పిల్లవాడికి పదకొండేళ్ళు. కారణం రాయలేదు. తండ్రి సమయానికి చేరాడో లేదో రాయలేదు. లోకంలో ఎవరి దుఃఖానికైనా మాటలు సమకూర్చగల ఆ మనిషి తన ఒక్కగానొక్క కొడుకు చావు గురించి నేరుగా రాసిన మాట ఒక్కటీ దొరకదు. గుడి గుమాస్తా రాసిన ఆ ఒక్క పంక్తే ఉంది. ఈ పంక్తి దగ్గర నేను చాలాసేపు ఆగుతాను. మీరూ ఆగండి.

1601 సెప్టెంబరు 8, మరియమాత జన్మదిన పండుగనాడు తండ్రి జాన్‌ను పాతిపెట్టారు. 1607లో లండన్‌లో నటుడైన తమ్ముడు ఎడ్మండ్ అక్రమ సంతానంగా రాసిన పసిబిడ్డను పోగొట్టుకున్నాడు. అక్కడి గుమాస్తా తండ్రి పేరు కూడా ఎడ్వర్డ్ అని తప్పు రాశాడు. ఆ డిసెంబరు 31న ఎడ్మండ్‌ను కూడా పాతిపెట్టారు. సదర్క్ గుడిలో పెద్ద గంట మోగించి పాతిపెట్టడానికి ఇరవై షిల్లింగులు కట్టినట్టు లెక్క ఉంది. 1608 సెప్టెంబరు 9న తల్లి మేరీ.

ఇక 1616. ఫిబ్రవరి 10న కూతురు జూడిత్‌కు థామస్ క్వైనీతో పెళ్ళి. తపస్కాలం ముందరి నిషేధ దినాల్లో, తగిన అనుమతి లేకుండా చేసుకున్నందుకు థామస్‌ను వెలివేశారు. మార్చి 15న మార్గరెట్ వీలర్ అనే పడుచును, ఆమె బిడ్డను కలిపి పాతిపెట్టినట్టు పుస్తకంలో ఉంది. ఆ బిడ్డ తండ్రిని తానేనని థామస్ మార్చి 26న గుడి న్యాయస్థానంలో ఒప్పుకున్నాడు. దానికి ముందురోజే షేక్‌స్పియర్ వీలునామాను సవరించి సంతకం చేశాడు. ఏప్రిల్ 17న చెల్లెలు జోన్ భర్తను పాతిపెట్టారు. ఏప్రిల్ 25న షేక్‌స్పియర్‌ను. పేరు పక్కన పెద్దమనిషి అని సూచించే ఒక్క పొడి అక్షరమాల తప్ప, మహాకవి అనిగానీ, నాటకకర్త అనిగానీ లేదు. 1623 ఆగస్టు 8న ఆన్‌ను పాతిపెట్టినప్పుడు ఆమె పేరు కూడా రాయలేదు. షేక్‌స్పియర్ గారి భార్య అన్నంత వరకే.

ఆయన వంశం ఏమైంది? జూడిత్‌కు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు ఆరు నెలలకే పోయాడు. మిగిలిన ఇద్దరూ 1639 జనవరి, ఫిబ్రవరి నెలల్లో, నెల తేడాలో పోయారు. సుసన్నా ఒక్కగానొక్క కూతురు ఎలిజబెత్ రెండు పెళ్ళిళ్ళు చేసుకుని, బిడ్డలు లేకుండా 1670లో కన్నుమూసింది. అంతటితో ఆయన సొంత వంశం ఆగిపోయింది. కానీ పాత పేరు పెట్టుకున్న ఆ రెండవ జోన్, ఆయన చెల్లెలు, ఆమె సంతతి మాత్రం కొనసాగింది. ఆమె వంశీకులు నేటికీ ఉన్నారు. చచ్చిపోయిన అక్క పేరు మోసిన పిల్ల ద్వారానే ఆ ఇంటి రక్తం నిలిచింది.

ఇంగ్లండులో పూర్వీకులను వెతికేవారు ఈ దారినే నడుస్తారు. 1837లో ప్రభుత్వం జనన మరణాలు నమోదు చేయడం మొదలుపెట్టేవరకు సామాన్యుడికి గుడి పుస్తకమే దిక్కు. అక్కడి కతోలిక కుటుంబాల దారి మరీ కష్టం. గురువు దొరికితేనే ఉరితీసే రోజుల్లో పేర్ల పుస్తకం ఇంట్లో పెట్టుకోవడమంటే పట్టించే జాబితా రాసిపెట్టుకోవడమే. 1754 నుండి 1837 వరకైతే కతోలికుల పెళ్ళి కూడా ఆంగ్లికన్ గుడిలో జరిగితేనే చట్టం ఒప్పుకునేది. కాబట్టి తమ తాతముత్తాతల పెళ్ళి నమోదు అక్కడ దొరికితే, వారు విశ్వాసం వదిలారని కంగారుపడనక్కరలేదు. ఇంటిపేరు అక్షరాలు మారినా కంగారు వద్దు. విచారణ పుస్తకం చినిగితే పీఠాధిపతికి పంపిన నకలు చూడాలి. ఊళ్ళో దొరక్కపోతే పక్క ఊరు చూడాలి. ఊహించినదాన్ని ఊహ అని, చూసినదాన్ని చూశానని విడివిడిగా రాసుకోవాలి.

ఇదంతా ఇక్కడ మనకెందుకు అంటారేమో. నా తప్పు ఒకటి మీకు చెప్పుకోవాలి. నేను కొత్తగా గురుపట్టం పొంది సహాయ గురువుగా ఉన్న రోజుల్లో, పల్లెల్లో పూజ చెప్పి జ్ఞానస్నానాలిచ్చి, పేర్లు చీటీల మీద రాసుకుని జేబులో పెట్టుకునేవాణ్ణి. తీరికగా పుస్తకంలో ఎక్కిద్దామనుకునేవాణ్ణి. ఒకసారి వానలో తడిసి ఒక చీటీ పోయింది. మళ్ళీ వెళ్ళి అడుగుదామని వాయిదా వేశాను. తరువాత నాకు బదిలీ అయింది. చాలా ఏళ్ళకు ఏదో పనిమీద ఆ విచారణకు వెళితే, ఒక ముసలి తల్లి నన్ను గుర్తుపట్టి వచ్చింది. ఆమెకు సర్టిఫికెట్ అక్కరలేదు. తన మొదటి బిడ్డ ఏడాది నిండకుండానే పోయాడట. ఫోటో లేదు, సమాధి మీద రాయి లేదు. అయ్యగారూ, మీరు వాడికి పెట్టిన పేరు పుస్తకంలో ఒక్కసారి చూపించండి, చదవడం రాకపోయినా వేలితో తాకుతాను అని అడిగింది. పుస్తకం తెరిచాను. లేదని నాకు ముందే తెలుసు. ఆ చీటీలో ఉన్న పేరే అది.

దేవుని పుస్తకంలో ఆ బిడ్డ పేరు ఉందని ఆమెతో చెప్పాను. అది నిజమే, నేను మనసారా నమ్ముతాను. కానీ మనుషుల పుస్తకంలో రాయవలసింది నేను. సాక్షుల విచారణ జరిపి, పీఠాధిపతి గారి అనుమతితో ఆ పేరు తరువాత ఎక్కించాం. వారం తరువాత ఆమె వచ్చి ఆ పంక్తి మీద వేలు పెట్టింది. తప్పు సరిదిద్దుకోగలిగాను గానీ, ఆమె ఆ ఏళ్ళు తిరిగి రావు.

హామ్నెట్ పంక్తి దగ్గర నేను ఎందుకు ఆగుతానో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది. దాన్ని రాసిన గుమాస్తాకు ఆ తండ్రి ఎంతటివాడవుతాడో తెలియదు. తెలియకపోయినా రాశాడు. ఆ రోజు పని ఆ రోజు చేశాడు. మత్తయి సువార్త కూడా పేర్ల వరుసతోనే మొదలవుతుంది కదా. మనం గబగబా చదివేసే ఆ పేర్లలో ఒక్కటి తప్పిపోయినా గొలుసు తెగిపోతుంది.

కనుక ఈ వారం ఒక పని చేయండి. మీ ఇంట్లో పెద్దవాళ్ళను కూర్చోబెట్టి, వారి జ్ఞానస్నానం ఏ గుడిలో జరిగింది, జ్ఞాన తల్లిదండ్రులెవరు, పసితనంలోనే పోయిన తోబుట్టువుల పేర్లేమిటి అని అడిగి ఒక నోటుపుస్తకంలో రాయండి. తల్లుల పేర్లు తప్పక రాయండి, పుట్టింటి ఇంటిపేరుతో సహా. మీ విచారణ గురువు దగ్గరకు వెళ్ళి నమోదు సరిగా ఉందో చూపించమని అడగండి. ఉపదేశులారా, చీటీలను పూజకు మరుసటి రోజే గురువు చేతికి ఇవ్వండి. నా తోటి గురువులారా, చెదలు పట్టే బీరువాల సంగతి, జేబుల్లో మరిచిన చీటీల సంగతి ఈ రాత్రే చూడండి. మనం రాసే పంక్తి మీద ఒక తల్లి ఎప్పుడో వేలు పెడుతుంది.